కొండను దిగే వైపు నుంచి చదవాలి

ఎత్తైన కొండల్లో పరిగెత్తేవాళ్లని "రేపటి రూటు ఎంత?" అని అడిగి చూడండి. "22 కిలోమీటర్లు, 1800 మీటర్లు" అంటారు. ఆ 1800 ఎక్కేవి. దిగే 1800 ఎవరి నోటా రాదు. ఎక్కినవాళ్లు ఎలాగూ దిగుతారు, దానికి వేరే లెక్కెందుకు అన్నట్టుంటుంది ధోరణి. వాచీలూ యాప్‌లూ కూడా ఎక్కిన మీటర్లనే ముందు పెట్టి చూపిస్తాయి. దిగినవి కావాలంటే ఎక్కడో లోపల వెతుక్కోవాలి.

ఇది తలకిందుల లెక్క అని నా వాదన. కొండదారుల్లో పరిగెత్తే ట్రెయిల్ రన్నింగ్ అయినా, స్కీలతోనే మంచు కొండ ఎక్కి వాటి మీదే జారుతూ దిగే స్కీ టూరింగ్ అయినా, చేతులు కూడా వాడి రాళ్ల మీద పాకే స్క్రాంబ్లింగ్ అయినా, రోజు ప్లాను దిగుడు దగ్గర మొదలై వెనక్కి రావాలి. ఎక్కేటప్పుడు సత్తువ చాలకపోతే ఆగిపోతాం, వెనక్కి తిరుగుతాం. పోయేది శిఖరం ఒక్కటే. దిగేటప్పుడు సత్తువ చాలకపోతే తిరిగి వెళ్లడానికి వెనక అంటూ ఏమీ ఉండదు. పద్మవ్యూహంలోకి వెళ్లడం మాత్రమే తెలిసిన అభిమన్యుడి కథ మనకు కొత్త కాదు. అయినా కొండల దగ్గరికి వచ్చేసరికి సగం పాఠంతోనే బయల్దేరతాం. ఆస్ట్రియా ఆల్ప్స్‌లో నడకదారుల ప్రమాదాల లెక్కలు తీసినవాళ్లు, జారిపడిన సంఘటనల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు దిగేటప్పుడు జరిగినవేనని తేల్చారు.

రికార్డుల సంగతీ అంతే. 2013 ఆగస్టు 21న స్పెయిన్ పర్వత పరుగువీరుడు కిలియన్ జోర్నెట్ ఇటలీ వైపున్న బ్రూయి-చెర్వీనియా ఊరి నుంచి 4,478 మీటర్ల మాటర్‌హార్న్ ఎక్కి, తిరిగి ఊళ్లోకి రావడానికి తీసుకున్నది 2 గంటల 52 నిమిషాలు. అందరూ చెప్పుకునేది ఆ మొత్తం గురించి, లేదా ఎక్కడానికి పట్టిన 1 గంట 56 నిమిషాల గురించి. నన్నడిగితే అందులో అసలు వింత మిగిలిన 56 నిమిషాలు. అదే కొండకు స్విట్జర్లాండ్ వైపున్న హోర్న్‌లీ రిడ్జ్ (కొండ వెన్నులాంటి అంచు) మీద మామూలు పర్వతారోహకులకు దిగడానికి కూడా దాదాపు ఎక్కినంత సేపే పడుతుంది. ఎక్కేటప్పుడు మంచి ఆటగాడికీ సాధారణ మనిషికీ ఉండే తేడా ఊపిరితిత్తుల్లో కనిపిస్తుంది. దిగేటప్పుడు ఆ తేడా పాదం ఎక్కడ పడుతుందో అక్కడ కనిపిస్తుంది. ఆ రెండోది కొనుక్కుంటే వచ్చేది కాదు, ఒక్క సీజన్‌లో వచ్చేదీ కాదు.

ముందు గడియారం

కొండల్లో టైము లెక్కకట్టడానికి ఇప్పటికీ వాడే సూత్రం 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పింది. ప్రతి 3 మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 2000 అడుగులకు మరో గంట. మన కొలతల్లో సుమారుగా 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్లకు గంట. గమనించారా, ఇందులో దిగుడు ప్రస్తావనే లేదు. ఆ లోటును తర్వాత ఎరిక్ లాంగ్‌మ్యూర్ అనే మరో పర్వతారోహకుడు పూడ్చాడు. వాలు 5 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటే దిగే ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు తీసెయ్యాలి. 12 డిగ్రీలు దాటితే ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు కలపాలి. అంటే నిటారు వాలులో దిగడం చదునుగా నడవడం కంటే నెమ్మది.

ఒక ఉదాహరణ వేద్దాం. శిఖరం 6 కిలోమీటర్ల దూరంలో, 1500 మీటర్ల పైన ఉంది. దారి సగటు వాలు 14 డిగ్రీలు. మధ్యాహ్నం 2 గంటలకల్లా ఉరుములు మొదలవుతాయని సూచన. వెనక నుంచి రండి. దిగడానికి దూరం లెక్కన 1 గంట 12 నిమిషాలు, నిటారు వాలుకు మరో 50 నిమిషాలు, మొత్తం 2 గంటల 2 నిమిషాలు. దీనికి మూడో వంతు అదనం కలపండి, ఎందుకంటే ఈ లెక్క అలసిన కాళ్లకు వేసింది కాదు. సుమారు 2 గంటల 40 నిమిషాలు. అంటే 11 గంటల 20 నిమిషాలకు శిఖరం నుంచి కాలు కదపాలి. ఎక్కడానికి దూరం లెక్కన 1 గంట 12 నిమిషాలు, ఎత్తు లెక్కన 2 గంటల 30 నిమిషాలు, కలిపి 3 గంటల 42 నిమిషాలు. తినడానికీ బట్టలు మార్చుకోవడానికీ అరగంట. కాబట్టి ఉదయం 7 గంటల లోపే బయల్దేరాలి. పరిగెత్తేవాళ్లు ఇందులో తమ సొంత వేగాలు పెట్టుకోవచ్చు. అలవాటైన రన్నర్ గంటకు 600 నుంచి 1000 మీటర్లు ఎక్కుతాడు. కానీ లెక్క దిశ మాత్రం మారకూడదు.

తిరుగు టైము అని ఒకటి పెట్టుకుంటారు చాలామంది, శిఖరం చేరినా చేరకపోయినా ఆ టైముకు వెనక్కి మళ్లాలని. మంచి అలవాటే. చిక్కేమిటంటే చాలామంది దాన్ని ఎక్కే టైముకు కొంత కలిపి పెట్టుకుంటారు. దాంతో అది ఆశకు హద్దు అవుతుంది తప్ప దిగుడుకు కాపలా అవ్వదు. పైన చూపించినట్టు కింది నుంచి వచ్చిన టైమైతే దాని వెనక కారణం ఉంటుంది. కారణం ఉన్న టైముతో బేరమాడటం కష్టం.

తొడలు ఎందుకు మోసం చేస్తాయి

ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ బరువును పైకి తోస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూనే బరువును ఆపాలి, ప్రతి అడుగూ ఒక బ్రేకు. సాగుతూ పనిచేసే కండరం తక్కువ ఆక్సిజన్‌తోనే ఎక్కువ బలం పుట్టిస్తుంది. అందుకే దిగేటప్పుడు గుండె నెమ్మదిస్తుంది, హాయిగా అనిపిస్తుంది. కానీ ఆ బలానికి కండరం పోగుల్లో సన్నని చీలికలు ఏర్పడతాయి. నొప్పి అప్పుడు తెలియదు, 24 నుంచి 72 గంటల మధ్య తారస్థాయికి వస్తుంది. బలం తగ్గడం మాత్రం అప్పటికప్పుడే మొదలవుతుంది. మొదటి 800 మీటర్లు ఊపుగా దూకినవాళ్లు చివరి 400 మీటర్లలో మోకాళ్లు వణుకుతూ రాయి మీంచి రాయి మీదికి తూలడం ఇందుకే. వాచీలో గుండె వేగం చూసి "ఇంకా సత్తువ ఉంది" అనుకోవడం ఇక్కడ పెద్ద పొరపాటు. దిగుడులో గుండె నిజం చెప్పదు.

మంచి వార్త ఏమిటంటే కండరానికి జ్ఞాపకం ఉంటుంది. ఒక్కసారి గట్టిగా దిగితే ఆ తర్వాత కొన్ని వారాల పాటు అదే పనికి అంత దెబ్బ తినదు. కాబట్టి దిగుడును వేరే పాఠంగా సాధన చెయ్యాలి. మొదటిసారి మధ్యరకం వాలులో 400 నుంచి 600 మీటర్లు చాలు. 10 నుంచి 14 రోజులకొకసారి కొంచెం పెంచుకుంటూ పోవాలి. పెద్ద రోజుకు ముందు చివరి గట్టి దిగుడు కనీసం 10 రోజుల ముందే అయిపోవాలి. మెట్ల మీద నెమ్మదిగా ఒంటికాలితో దిగడం, బరువు పట్టుకుని దిగడం కొంతవరకు పనికొస్తాయి. రాళ్ల మీద పాదం ఎంచుకునే చూపు మాత్రం వాటితో రాదు.

అడుగుల గురించి నాలుగు మాటలు. అడుగు పొట్టిగా, వేగంగా ఉండాలి. పాదం నడుము కింద పడాలి, ముందుకు చాచి పడకూడదు. భయం వేసినప్పుడు ఒళ్లు వెనక్కి వాలుతుంది. అలా వాలితే బరువు మడమ మీదికి పోయి, బూటు అడుగున ఉన్న పళ్లు నేలను పట్టవు, జారేది అప్పుడే. చూపు కాలి దగ్గర కాదు, 3 నుంచి 5 మీటర్ల ముందు ఉండాలి. చేతులు పక్కలకు వదులుగా చాచి ఉంటే చూడ్డానికి కోడి రెక్కలాడించినట్టుంటుంది, ఉండనివ్వండి. ట్రెక్కింగ్ పోల్స్ వాడేవాళ్లు దిగేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడుగు చేసుకోవాలి. పెద్ద బండరాళ్ల మధ్యకు వచ్చినప్పుడు చేతి పట్టీలు విప్పెయ్యాలి. పోల్ కొన రాళ్ల సందులో ఇరుక్కుంటే పట్టీ మణికట్టును వెనక్కి లాగేస్తుంది.

బూటు వదులుగా ఉంటే పాదం ముందుకు జారి గోళ్లు నల్లబడతాయి. పైన చివరి రెండు రంధ్రాల్లోంచి లేసు ఉచ్చులా తీసి మడమను బిగిస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. అడుగు పళ్లు 4 నుంచి 6 మిల్లీమీటర్లు ఉంటే మట్టి, గడ్డి, గులకరాళ్ల మీద పట్టు బాగుంటుంది. తడి బండ మీద పళ్ల లోతు పనికిరాదు, రబ్బరు మెత్తదనమే పనికొస్తుంది. దుకాణాల్లో ఈ రెండింటినీ కలిపి ఒకే మాటగా అమ్మేస్తారు.

గులకరాళ్ల వాలు కూడా రెండు రకాలు. మోకాలి లోతు వదులు గులకరాళ్లయితే మడమ దించి పరిగెత్తొచ్చు, ఒక్కో అడుగు మీటరు జారి కిందికి తీసుకుపోతుంది, అంత సుఖమైన దిగుడు మరోటి లేదు. అదే గులకరాళ్లు పలుచగా గట్టి బండ మీద పరుచుకుని ఉంటే అవి కాలి కింద బేరింగు గుళ్లలా దొర్లుతాయి. పై నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. పరుగందుకునే ముందు మడమతో రెండు మూడు చోట్ల గుచ్చి చూడాలి.

ఇంకో చిన్న విషయం. చాలామంది శిఖరం దాకా బుద్ధిగా తింటారు, దిగేటప్పుడు మానేస్తారు. గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం అలవాటున్నవాళ్లు పైకి చేరడానికి పది నిమిషాల ముందే 20-30 గ్రాములు నోట్లో వేసుకుంటే మంచిది. దిగుడులో కుదుపులకు కడుపు మొరాయిస్తుంది, చేతులు ఖాళీ ఉండవు, మెదడుకు చక్కెర అందకపోతే ముందు తప్పేది కాలి అంచనాయే.

స్కీ వేసుకున్నవాళ్ల తిరకాసు

స్కీ టూరింగ్ వాళ్లు ఈ వాదన వింటే నవ్వొచ్చు. "మేము ఎక్కేదే దిగడానికి" అంటారు. నిజమే. కానీ వాళ్లు దిగుడును సంబరంగా చూస్తారు, లెక్కగా చూడరు. స్కీకి రుచించే వాలూ, మంచు చరియ విరిగే వాలూ ఒకటే కావడం ఈ ఆటలోని తిరకాసు. పలకలా విరిగిపడే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో మొదలవుతాయి. 30 కంటే తక్కువైతే జారే బలం చాలదు. 45 దాటితే మంచు పేరుకోకముందే రాలిపోతుంటుంది.

ఇది మ్యాపు మీదే చూసుకోవచ్చు. 1:25,000 మ్యాపులో ప్రతి 100 మీటర్లకు ఉండే మందపాటి కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య దూరం స్కేలుతో కొలవండి. 7 మిల్లీమీటర్లుంటే వాలు సుమారు 30 డిగ్రీలు, 4 మిల్లీమీటర్లుంటే 45. ఆ రెండు కొలతల మధ్య పడేదంతా అనుమానించాల్సిన నేల. మనం నిలబడిన చోటే కాదు, మన పైన ఉన్న వాలు కూడా లెక్కలోకి వస్తుంది. 20 డిగ్రీల సాఫీ నేల మీద నడుస్తూ కూడా పైనున్న 38 డిగ్రీల వాలును కదిలించొచ్చు. నేల మీద సరిచూసుకోవాలంటే స్కీ పోల్‌ను వాలు వెంట మంచు మీద పడుకోబెట్టి, దాని మీద ఫోన్ పెట్టి కోణం చూస్తే సరి.

చరియల ప్రమాద సూచిక 1 నుంచి 5 దాకా ఉంటుంది. 3 అంటే మధ్యలో ఉంది కదా, ఫరవాలేదని మనసు చెబుతుంది. నిజానికి మరణాల్లో పెద్ద భాగం ఆ 3 ఉన్న రోజుల్లోనే నమోదవుతుంది. 4, 5 ఉన్న రోజుల్లో జనం ఇంట్లో ఉంటారు, 3 ఉన్నప్పుడు ఎండ కాస్తుంటుంది. కాలి కింద మంచు "ధుమ్" మని కుంగిన శబ్దం, స్కీ కొన నుంచి పగుళ్లు పరిగెత్తడం, పక్క వాలులో కొత్తగా విరిగిన చరియ, ఈ మూడిట్లో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు నిటారు వాలు లేదనుకోవాలి. సూచిక ఎంతున్నా సరే.

వసంతకాలంలో లెక్క మళ్లీ గడియారం మీదికి వస్తుంది. రాత్రి గడ్డకట్టి, ఉదయం పైన 2-3 సెంటీమీటర్లు మాత్రం కరిగి, జొన్న గింజల్లా తయారయ్యే మంచును కార్న్ స్నో అంటారు. దాని మీద దిగే గంటసేపు కోసమే చాలామంది తెల్లవారుజామున 3 గంటలకు లేస్తారు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మంచు తన వేడిని పైకి వదిలేసి గట్టిపడుతుంది. మబ్బు పట్టిన రాత్రి ఆ వేడి పోదు, గాలి ఉష్ణోగ్రత సున్నా దగ్గరున్నా పొర గట్టిపడకపోవచ్చు. ఉత్తరార్ధగోళంలో ముందు తూర్పు వాలు, తర్వాత దక్షిణం, ఆఖర్న పడమర మెత్తబడతాయి. కాబట్టి తూర్పు వాలు దిగాలంటే పడమర వైపు నీడలో ఎక్కేవాళ్లకు ఓ చిక్కు ఉంది. తాము ఎక్కుతున్న మంచు ఇనుములా ఉంటే దిగబోయేదీ అలాగే ఉంటుందనుకుంటారు. అవతలి వైపు అప్పటికి రెండు గంటలుగా ఎండ కాస్తోంది. స్కీ విప్పి నిలబడితే కాలు బూటు పై అంచు దాకా దిగబడుతోందంటే ఆ వాలుకు టైము దాటిపోయినట్టే.

ట్రాన్స్‌సీవర్ (కూరుకుపోయిన మనిషిని వెతకడానికి సిగ్నల్ పంపే, అందుకునే యంత్రం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార ఉన్నాయి కదా అనే ధైర్యం గురించి ఓ లెక్క. స్విట్జర్లాండ్‌లో 1981 నుంచి 2020 దాకా జరిగిన ప్రమాదాల మీద 2024లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, తల మునిగేలా కూరుకుపోయినవాళ్లలో 10 నిమిషాల్లోపు బయటపడినవాళ్లు పదింట తొమ్మిది మంది బతికారు. 30 నిమిషాలయ్యేసరికి అది మూడో వంతు కంటే కిందికి పడిపోయింది. హెలికాప్టర్ వచ్చే టైము కాదిది. పక్కన ఉన్న మనిషి చేతుల్లోనే ఉన్న టైము.

ఆ పది నిమిషాల్లో ఎక్కువ భాగం తవ్వడానికే పోతుంది, వెతకడానికి కాదు. అయినా సాధన చేసేవాళ్లంతా సిగ్నల్ వెతకడమే సాధన చేస్తారు. ట్రాన్స్‌సీవర్లు 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఫోన్ లాంటివి పంపే స్థితిలో 20 సెంటీమీటర్లు, వెతికే స్థితిలో 50 సెంటీమీటర్లు దూరంగా ఉంచాలి. దగ్గరికి వచ్చాక యంత్రాన్ని మంచుకు ఆనించి అడ్డంగా, నిలువుగా కదిపి అతి తక్కువ అంకె వచ్చిన చోట ప్రోబ్ దించాలి. తగలకపోతే అక్కడి నుంచి 25 సెంటీమీటర్ల ఎడంతో చుట్లు తిరుగుతూ గుచ్చాలి. ప్రోబ్ వాలుకు లంబంగా దిగాలి, నేలకు నిట్టనిలువుగా కాదు. తగిలాక దాన్ని బయటికి లాగకూడదు. తవ్వడం ప్రోబ్ దగ్గర కాదు, కూరుకున్న లోతుకు ఒకటిన్నర రెట్లు కిందికి దిగి, అక్కడి నుంచి మనిషి వైపు. నేరుగా పై నుంచి గొయ్యి తవ్వితే మనిషి మీదే నిలబడి తవ్వినట్టవుతుంది, తీసిన మంచు వెయ్యడానికి చోటూ ఉండదు. పార ప్లాస్టిక్‌ది అయితే విరిగిన చరియ మంచులో దిగదు. చరియ ఆగీ ఆగగానే సిమెంటులా బిగుస్తుంది.

సామాను మొరాయించేది కూడా ఎక్కువగా పైనే, దిగే ముందు. స్కిన్‌ల (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించే పట్టీల) జిగురు తడిసి, చలికి పట్టు వదిలేస్తుంది. రెండో ఎక్కుడు ఉన్న రోజున వాటిని సంచిలో కాక జాకెట్ లోపల పెట్టుకోవాలి, రెండు రబ్బరు స్ట్రాప్‌లు ఎప్పుడూ వెంట ఉండాలి. బూటును స్కీకి పట్టి ఉంచే పిన్ బైండింగ్ ముందు భాగాన్ని ఎక్కేటప్పుడు లాక్ చేస్తాం. ఆ లాక్ తియ్యడం మర్చిపోయి దిగితే పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలు ఊడుతుంది.

రాయి ఎక్కినంత తేలిగ్గా దిగదు

స్క్రాంబ్లింగ్‌లో ఎక్కేటప్పుడు కళ్లు చేతుల దగ్గర ఉంటాయి. ప్రతి పట్టూ మొహం ముందే. దిగేటప్పుడు పనిచేయాల్సింది పాదం, అది కంటికి మీటరున్నర కింద, తరచూ సొంత పొట్టకు అవతల. అందుకే ఎవరికైనా దిగగలిగే గ్రేడు ఎక్కగలిగే గ్రేడు కంటే ఒక మెట్టు తక్కువ. బ్రిటన్‌లో స్క్రాంబుల్స్‌కు 1 నుంచి 3 దాకా గ్రేడులిస్తారు. 3 హాయిగా ఎక్కేవాళ్లు తాడు లేకుండా వెళ్తున్నప్పుడు తమను 2వ గ్రేడు మనిషిగానే లెక్కవేసుకోవాలి, వేరే దిగుడు దారి ఉంటే తప్ప. ప్రతి కష్టమైన ఎత్తుగడకు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న "ఎక్కగలనా" కాదు, "ఇదే వెనక్కి దిగగలనా". అనుమానం ఉంటే రెండడుగులెక్కి, నిజంగానే దిగి చూడండి. నిమిషం పట్టే పని.

కొలరాడోలోని క్యాపిటల్ పీక్ సుమారు 4,300 మీటర్ల కొండ, కత్తి అంచులాంటి రిడ్జ్‌కు పేరు. 2017 వేసవిలో ఆరేడు వారాల వ్యవధిలో అక్కడ ఐదుగురు చనిపోయారు. అందరినీ భయపెట్టే ఆ కత్తి అంచు కంటే, శిఖరం నుంచి తిరిగొచ్చేటప్పుడు కింద సరస్సు వైపు అడ్డదారి ఉన్నట్టు కనిపించే వాలు మరింత ప్రమాదం. పై నుంచి చూస్తే సరస్సు దగ్గరగా, దారి తిన్నగా ఉన్నట్టుంటుంది. మధ్యలో నిలువు బండలు పై నుంచి కనపడవు. ఉబ్బెత్తు వాలు స్వభావమే అది, కింద ఉన్న నిలువు బండను తన కడుపు వెనక దాచుకుంటుంది. మ్యాపు కూడా ఇక్కడ కాపాడదు. 20 మీటర్ల కాంటూర్ గీతల మధ్య 15 మీటర్ల నిలువు బండ ఒకటి మాయమైపోగలదు. ఎక్కి చూడని లోయగాడిలోకి (కొండ పక్కన నిటారుగా దిగే ఇరుకు పాయలోకి) దిగకూడదనే నియమానికి నేను మినహాయింపులు ఇవ్వను, అలసట ఉన్నా, చీకటి పడుతున్నా. ముఖ్యంగా అప్పుడే.

ఎక్కేటప్పుడే దిగుడుకు సిద్ధం కావొచ్చు. ప్రతి మలుపులో, ప్రతి లోయగాడి అంచున ఒకసారి వెనక్కి తిరిగి చూసి ఫోటో తీసుకోవాలి. కొండ వెనక నుంచి చూస్తే వేరే కొండలా ఉంటుంది. దిగేటప్పుడు తేలిక చోట్ల మొహం బయటికి, మధ్యరకం చోట్ల పక్కకు తిరిగి, నిటారుగా ఉన్నచోట మొహం రాతి వైపు పెట్టాలి. చాలామంది సిగ్గుపడి ఆలస్యంగా తిరుగుతారు, సగం దిగాక తిరగడానికి చోటుండదు. పట్టును లాగే ముందు అరచేత్తో తట్టి వినాలి, డొల్ల శబ్దం వస్తే వదిలెయ్యాలి. పట్టును కిందికి నొక్కాలి కానీ బయటికి లాగకూడదు. వదులు రాళ్లున్న ఇరుకు లోయగాడిలో ఇద్దరుంటే ఒకరినొకరు అంటుకునేంత దగ్గరగా దిగాలి, లేదా ఒకరు పూర్తిగా పక్కకు తప్పుకున్నాకే రెండోవాళ్లు కదలాలి. 10 మీటర్లు దొర్లిన రాయి వేగం అందుకుంటుంది, అర మీటరు దొర్లినది చేత్తో ఆపొచ్చు.

30 మీటర్ల తాడు తీసుకెళ్తే రెండు పేటలుగా వేసినప్పుడు దిగగలిగేది 15 మీటర్లే. రెండు కొనలకూ ముళ్లు వెయ్యాలి. తాడు చాలదని కొన జారిపోయాక తెలుసుకున్నవాళ్లు ఉన్నారు. కొండ మీద వదిలేయడానికి ఓ స్లింగ్ (తాడును రాతికి కట్టే పట్టీ ఉచ్చు), పాత క్యారబినర్ (లోహపు కొక్కెం) ఒకటి వెంట ఉంటే బాధ లేకుండా వదిలెయ్యొచ్చు. వాటి మీద మమకారంతో కుళ్లిన పాత స్లింగ్‌కు ప్రాణం వేలాడదీసేవాళ్లను అర్థం చేసుకోవడం నావల్ల కాదు.

మంచు పట్టీల విషయం క్లుప్తంగా. రన్నింగ్ బూట్లకు తొడిగే మైక్రోస్పైక్స్ (చిన్న ముళ్లున్న గొలుసులు) దారి మీది మంచుకు సరిపోతాయి. 30 డిగ్రీల గట్టి మంచు వాలుకు కాదు. నీడ పడిన వాలును మధ్యాహ్నం మెత్తగా ఉన్నప్పుడు ఎక్కి సాయంత్రం దిగితే అది గాజులా మారి ఉంటుంది. జారితే మంచు గొడ్డలిని గుచ్చి ఆగడానికి ఉండేది రెండు మూడు సెకన్లు. గొడ్డలి సంచికి కట్టి ఉంటే అదీ లేదు.

"వేగమే రక్షణ" అనేవాళ్లకు

తేలిగ్గా, వేగంగా వెళ్లేవాళ్ల వాదన బలమైనదే. ఉరుములకు ముందే దిగిపోవచ్చు, మంచు మెత్తబడకముందే దాటిపోవచ్చు, రాళ్లు రాలే చోట తక్కువ సేపు ఉంటాం. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ ఆ రక్షణ కదులుతున్నంతసేపే. చీలమండ మెలిపడ్డ క్షణం వేగం అనే జాకెట్ ఒంటి మీంచి ఊడిపోతుంది. పరిగెత్తే ఒళ్లు పుట్టించే వేడి, కూర్చున్న ఒళ్లు పుట్టించే దానికి ఎన్నో రెట్లు. ఆగాక కొద్ది నిమిషాల్లోనే వణుకు మొదలవుతుంది. ప్రతి 1000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. పైన 0 డిగ్రీలుండి గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 7లా తగులుతుంది, తడిసి ఉంటే ఇంకా ఘోరం.

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో జరిగిన 100 కిలోమీటర్ల పర్వత పరుగులో 172 మంది బయల్దేరారు. వడగళ్లు, గడ్డకట్టే వాన, ఈదురుగాలి ఒక్కసారిగా విరుచుకుపడి 21 మంది చలికి చనిపోయారు. వాళ్లలో దేశంలోనే పేరున్న వేగవంతులున్నారు. గాలిని ఆపే జాకెట్ ఆ పరుగు తప్పనిసరి జాబితాలో లేదు. ఆల్ప్స్‌లోని మోంబ్లాం కొండ చుట్టూ జరిగే యూటీఎంబీ పరుగులో టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్, ఎమర్జెన్సీ దుప్పటి, విజిల్, తలలైట్లు లేకుండా నిలబడనివ్వరు. అక్కడ గ్రాములు కోసుకునేవాళ్లు ఈ జాబితాను తిట్టుకుంటూ ఉంటారు. తిట్టుకోనివ్వండి.

ఒంటరిగా వెళ్లే రోజుకు నా జాబితా ఒక్క ప్రశ్న నుంచి వస్తుంది: కాలు విరిగి, అత్యంత ఎత్తున, రెండు గంటలు కూర్చోవాల్సి వస్తే ఏం కావాలి? వాటర్‌ప్రూఫ్ జాకెట్, ప్యాంటు, లోపల వేసుకునే పలుచని వెచ్చటి జాకెట్, టోపీ, గాలి చొరని చేతి తొడుగులు, దుప్పటిలా పరిచేది కాక సంచిలా దూరే ఫాయిల్ కవరు, తలలైటు, విజిల్, ఒక చుట్ట టేపు. దుప్పటి గాలికి ఎగిరిపోతుంది, సంచి ఎగరదు. మొత్తం కిలోన్నర దాటదు.

ఎత్తు జబ్బుకు కూడా మొదటి మందు దిగడమే. మామూలు తలనొప్పి, వికారం అయితే ఇంకా పైకి పోకుండా ఆగితే తగ్గొచ్చు. గీత మీద మడమకు వేలు ఆనిస్తూ నడవలేక తూలుతుంటే మెదడు వాచినట్టు, కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు అనుమానించి వెంటనే 300 నుంచి 1000 మీటర్లు దించాలి. ఊపిరితిత్తుల జబ్బులో శ్రమ కూడా హాని చేస్తుంది, కాబట్టి ఆ మనిషి సంచి వేరేవాళ్లు మొయ్యాలి. 3000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని వైద్యులు చెప్పేది అందరూ గుర్తుంచుకుంటారు. ఎవరూ చూసుకోనిది మరొకటుంది. కొన్ని లోయల్లో కిందికి పోవాలంటే ముందు ఒక కనుమ ఎక్కాలి. అలాంటి చోట రాత్రి జబ్బు చేస్తే మందు కొండకు అవతల ఉన్నట్టు. గుడారం వేసే ముందు, ఇక్కడి నుంచి ఎక్కకుండా దిగడానికి దారి ఉందా అని మ్యాపులో చూసుకోవాలి.

ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లే టైము కూడా శిఖరానిది కాకూడదు. ఏ గంటకు కింద నుంచి ఫోన్ రాకపోతే సాయం పిలవాలో అది చెప్పాలి. ఏ దారిన దిగబోతున్నామో, ఆ దారి మూసుకుపోతే రెండో దారి ఏదో కాగితం మీద రాసివ్వాలి, అలా రాశాక ఆ రెండూ కాని మూడో దారిన దిగకూడదు. ఫోన్‌ను లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచాలి, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది. సిగ్నల్ లేకపోతే విజిల్‌తో గానీ లైటుతో గానీ నిమిషానికి ఆరు సంకేతాలు, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరు. అటు నుంచి నిమిషానికి మూడు వినిపిస్తే విన్నారని అర్థం. అయినా ఆపకండి, వాళ్లు దగ్గరికి వచ్చేదాకా దిక్కు తెలియాలి.